నాలుగు ఏటవాలు గీతలు

సంగీత విద్యాలయంలో ఆమెను ఎదురుగా మేడం అనేవారు, వెనక లెక్కలమ్మ అనేవారు. రెండో పేరే ఎక్కువ వాడుకలో ఉండేది. ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ సంగీతం రాయడానికి కూర్చుంటే ముందు గళ్ళ కాగితం తీసేది, చిన్నపిల్లలు కూడికలు చేసుకునే కాగితమే. అడ్డంగా పన్నెండు గళ్ళు, నిలువుగా పన్నెండు గళ్ళు, స్వరానికో అంకె. ఏ స్వరం తర్వాత ఏది రావాలో ఆ పట్టికే తేల్చేది. ఒక స్వరం ఒకసారి పలికిందంటే మిగతా పదకొండూ పలికేదాకా దానికి మళ్ళీ నోరు విప్పే హక్కు లేదు. ఎంత అందంగా ఉన్నా, ఎంత బతిమాలినా వరసలో నిలబడాల్సిందే.

ముప్పై ఏళ్ళ వయసులో అలా రాసిన ఒక కృతి ఆమెకు పేరు తెచ్చిపెట్టింది. పెద్దలు తలలు ఊపారు. అర్థమై ఊపారో, పక్కవాడు ఊపుతున్నాడని ఊపారో మనకు అనవసరం. విద్యాలయంలో ఉద్యోగం వచ్చింది, పై అంతస్తులో రెండు కిటికీల గది వచ్చింది, గదిలో పియానో వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ ఆమె రాసిందల్లా మెచ్చుకున్నారు. మెచ్చుకోకపోతే తమకు తెలియదనుకుంటారని భయం కూడా కొంత ఉండి ఉంటుంది.

అలా సాగిపోతుండగా ఒక విమర్శకుడు పత్రికలో రెండు వాక్యాలు రాశాడు. ఆవిడ కొత్త కృతినీ పాత కృతినీ పక్కపక్కన పెట్టి, పేకముక్కలు కలిపినట్టు పేజీలు కలిపేస్తే ఎవరికీ తేడా తెలియదట. లెక్కలమ్మకు ఒళ్ళు మండిపోయింది. పనీపాటా లేనివాడి కూతలని పత్రిక విసిరికొట్టింది. మర్నాడు మధ్యాహ్నం మాత్రం గది తలుపు గడియపెట్టుకుని, రెండు కృతులూ ముందు పెట్టుకుని, నిజంగానే పేజీలు కలిపి వాయించి చూసింది. ఎక్కడ ఒకటి ఆగిందో, ఎక్కడ రెండోది మొదలైందో రాసిన మనిషికే తెలియలేదు.

ఆ రోజు ఆగిన కలం మూడేళ్ళు కదలలేదు. పట్టిక గీయగానే కాగితం చింపేసేది. పెన్సిళ్ళు చెక్కేది, పిల్లల పరీక్షపేపర్లు దిద్దేది, కిటికీలు తుడిచేది. ఎవరైనా "కొత్తగా ఏం రాస్తున్నారు మేడం?" అంటే "నడుస్తోంది" అనేది. నడుస్తున్నది రోజులు మాత్రమే. ఇక తన పని అయిపోయిందేమో, మిగిలిన జీవితమంతా ఇలా కిటికీలు తుడుచుకోవడమేనేమో అని ఆమెకు నిజంగా భయం పట్టుకుంది. ఆ భయం ఎవరితోనూ చెప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే విద్యాలయం వెనక రెండు వందల కుర్చీల కొత్త హాలు కట్టారు. ప్రారంభం రోజున కొత్త కృతి ఒకటి వినిపించాలని డైరెక్టరుగారికి కోరిక పుట్టింది. క్లారినెట్, వయొలిన్, చెల్లో, డబుల్ బాస్, పియానో, ఈ అయిదుగురికీ కలిపి ఇరవై నిమిషాలది కావాలన్నాడు. "మీరు కాకపోతే ఇంకెవరు మేడం?" అన్నాడు. కాదనాల్సింది. కానీ కాదంటే ఎందుకని అడుగుతారు. అభిమానం నోరు నొక్కేసి, తలను కిందికీ పైకీ ఊపించింది.

ఒప్పుకున్నాక కుడితిలో పడ్డ ఎలుక అయింది. పట్టిక గీస్తే పాతదే వస్తోంది, గీయకపోతే ఏమీ రావడం లేదు. ఒక పొద్దున, ఇక తప్పదని, పట్టిక లేకుండానే కాగితం ముందు కూర్చుంది. కర్ర లేకుండా నడవడం లాంటి పని అది. చాలాసేపటికి చెవిలో ఒక నడక వినిపించింది. దిమ్, దిమ్, దిమ్, దిమ్ అని లావుపాటి తీగ మీద వేళ్ళు మెట్లెక్కి దిగుతున్నట్టు. అదెక్కడిదో గుర్తుపట్టేసరికి ఆమె ముఖం ముడుచుకుంది. అది చిన్నప్పుడు పక్కగదిలో అన్నయ్య సాధన చేసిన చప్పుడు.

అన్నయ్య సంగతి చెప్పాలి. ఆయనా ఇదే విద్యాలయంలో చదివాడు. చెల్లెలి కంటే చెవి మంచిదని మాస్టర్లే అనేవారు. రెండో ఏడు మధ్యలో మానేసి, ఒక హోటల్ బ్యాండులో మనిషంత ఎత్తుండే డబుల్ బాస్ వాయించడానికి చేరాడు. ముప్పై అయిదేళ్ళు అక్కడే, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే జాజ్ సంగీతం వాయించాడు. అక్కడ వినేవాళ్ళు ఒక చేత్తో గ్లాసు పట్టుకుని వింటారు, నచ్చితే కాలు ఆడిస్తారు, నచ్చకపోతే కబుర్లలో పడతారు. లెక్కలమ్మ ఒక్కసారైనా అక్కడ అడుగు పెట్టలేదు. పేరొచ్చిన కొత్తల్లో ఒక పత్రికవాళ్ళు మీ కుటుంబంలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే, "మా ఇంట్లో నేను తప్ప సంగీతం తెలిసినవాళ్ళు లేరు" అని చెప్పింది. అచ్చయింది. అన్నయ్య ఆ ముక్క కత్తిరించి, పాటల కాగితాలు పెట్టుకునే అట్టఫైలు లోపలివైపు అతికించుకున్నాడు. అప్పటి నుంచీ అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు పొడిపొడిగా ఉండేవి.

ఇష్టం లేకపోయినా ఆ నడకను ఆమె కాగితం మీదికి రానిచ్చింది. రానిచ్చాక అది ఆగలేదు. వారం తిరిగేసరికి కృతి దాదాపు పూర్తయింది. దాదాపే. సరిగ్గా నడిమధ్యన పదకొండు బార్లు ఖాళీగా ఉండిపోయాయి. సంగీతం రాసే కాగితం మీద రెండు నిలువుగీతల మధ్య జాగాను బార్ అంటారు. (మా జీవితమంతా బార్లలోనే గడిచిపోయిందని హోటల్ బ్యాండువాళ్ళు చేసే హాస్యం ఇక్కడిదే.) పైగా ఆ పదకొండూ రెండుసార్లు వస్తాయి. ముందున్నది అక్కడికి వచ్చి నిలబడుతుంది, తర్వాతది అక్కడి నుంచి బయల్దేరుతుంది, మధ్యలో ఏముందో మాత్రం ఎంత తన్నుకున్నా తెలియలేదు.

ఖాళీ బారును చూస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాదు. అందుకే విద్యార్థినిగా ఉన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. ఏమీ తోచని బారులో నాలుగు ఏటవాలు గీతలు గీసేది. ఇక్కడ ఇంకా ఏమీ లేదు, తర్వాత చూద్దాం అని దాని అర్థం. తోచాక రబ్బరుతో చెరిపేసి స్వరాలు రాసేది. కాబట్టి ఆ గీతలను ఆమె తప్ప ఇంకెవరూ చూసి ఎరగరు. ఈసారి చెరపడానికి ఏమీ తోచలేదు, గడువు మాత్రం వచ్చేసింది.

ఇప్పుడు వదిన సంగతి. అన్నయ్య భార్య నలభై ఏళ్ళుగా చేసేది ఒకటే పని. సంగీతకర్తలు కోడిగెలికినట్టు రాసిన ప్రతిని చూసి, ఎవరు వాయించే భాగం వాళ్ళకు విడిగా, ముత్యాల్లాంటి రాతతో ఎత్తిరాయడం. ఈ రోజుల్లో అందరూ కంప్యూటర్లో కొట్టుకుంటున్నారు గానీ, లెక్కలమ్మ రాత చదవగలిగిన మనిషి ఆ ఊరు మొత్తం మీద వదిన ఒక్కతే. అందువల్ల అన్నయ్యతో మాటలు లేకపోయినా వదినతో పని నడుస్తూనే ఉంది.

లెక్కలమ్మ ప్రతి పంపి ఫోన్ చేసింది. "వదినా, మధ్యలో గీతలున్న బార్లున్నాయి. వాటి సంగతి నీకు తెలుసుగా?"

"నలభై ఏళ్ళ నుంచి రాస్తున్నాను. నాకు తెలియకపోవడమేంటి?" అంది వదిన. ఆవిడ గొంతులో ఎందుకో సంతోషం వినపడింది.

అక్కడ జాగా వదిలిపెట్టు, ఇంకా రాయలేదు అని చెబితే సరిపోయేది. ఆ ఒక్క మాట అనడానికి లెక్కలమ్మకు సిగ్గేసింది. ఈ కథంతా ఆ సిగ్గు తెచ్చిపెట్టిందే.

మొదటి రిహార్సల్ కొత్త హాలులోనే పెట్టారు. గోడల రంగు వాసన ఇంకా పోలేదు, కుర్చీల మీది ప్లాస్టిక్ సంచులు తీయలేదు. పియానో, బాస్ వాయించేవాళ్ళు విద్యాలయం ఉద్యోగులు. మిగతా ముగ్గురూ బయటివాళ్ళు. క్లారినెట్ ఆయన హోటల్ బ్యాండుల్లోనూ వాయించే బొజ్జ మనిషి, నవ్వితే బొజ్జా నవ్వుతుంది. లెక్కలమ్మ వెనక వరసలో పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. ఖాళీ జాగా వచ్చినప్పుడు వాళ్ళు ఆగుతారనీ, తాను లేచి ఏదో ఒకటి సర్దిచెప్పొచ్చనీ ఆమె లెక్క.

వాళ్ళు ఆగలేదు. ఆ చోటు రాగానే క్లారినెట్ ఆయన కాగితం వంక ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, వాయించడం మొదలుపెట్టాడు. పియానో అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహం వేశాడు. వయొలిన్, చెల్లో ఆగిపోయాయి. బాస్ అతను ఏం చెయ్యాలో తోచక అంతకుముందు వాయించిన నడకనే తిప్పి తిప్పి వాయిస్తూ పోయాడు. ఆ నడక మీద క్లారినెట్ ఒక చోట మూలిగింది, ఒక చోట దెప్పింది, చివర ఎవరినో వీధి చివరి నుంచి కేకేసి పిలిచింది. పదకొండు బార్లు అయ్యాయి. అందరూ రాసిన దాంట్లోకి తిరిగి వచ్చేశారు, ఇంట్లోంచి బయటికి వెళ్ళి మళ్ళీ ఇంట్లోకి వచ్చినంత సులువుగా.

లెక్కలమ్మ లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియదు. మూడేళ్ళుగా ఏ సంగీతం విన్నా ఒంట్లో ఏమీ కదలని మనిషికి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"మేడం, ఎంత బాగా వదిలారండీ మాకు ఈ చోటు!" అన్నాడు క్లారినెట్ ఆయన, మొహం తుడుచుకుంటూ.

"నా కాగితంలోనూ ఇవే గీతలున్నాయి మేడం. వీటికి అర్థమేంటి?" అన్నాడు పియానో అతను.

పొరపాటు అనే మాట ఆమె నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని మింగేసింది. "మళ్ళీ మొదటి నుంచి వాయించండి" అంది.

రిహార్సల్ అవగానే నేరుగా వదిన ఇంటికి వెళ్ళింది. వదిన పనిచేసే గది వంటింటి పక్కనే, ఒక ఏటవాలు బల్ల, ఒక దీపం, సిరా బుడ్లు, అయిదు గీతలూ ఒకేసారి పడేలా అయిదు మొనలున్న కలం. ఆవిడ తలెత్తకుండానే, "రా అమ్మా ఆడపడుచూ, ఇన్నాళ్ళకు బుద్ధి తెచ్చుకున్నావు" అంది.

"వదినా, ఆ గీతలంటే నువ్వేమనుకున్నావు?"

"అనుకోవడమేంటి? నాలుగు గీతలంటే నీ ఇష్టం అని. మన బ్యాండు కాగితాల్లో ఇన్నేళ్ళుగా అదేగా రాస్తున్నాను. అక్కడ స్వరాలుండవు, వాయించేవాడి ఇష్టం."

"నా దగ్గర దానికర్థం నీ ఇష్టం కాదు వదినా. నా వల్ల కాలేదు అని."

వదిన కలం పక్కన పెట్టింది. ఆడపడుచు మొహం చూసింది. ఆ మొహంలో మూడేళ్ళ సంగతీ ఒక్కసారిగా కనపడింది కాబోలు, కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

"అయితే రెండింటికీ ఒకటే గుర్తన్నమాట" అంది నెమ్మదిగా.

లెక్కలమ్మ నవ్వబోయి ఏడ్చింది. చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఆ చప్పుడుకు లోపలి గదిలోంచి అన్నయ్య వచ్చాడు. బనియను మీద ఉన్నాడు, భుజాన తువ్వాలు.

"ఏమైందమ్మడూ? ఇంట్లో సంగీతం తెలిసింది నువ్వొక్కదానివే కదా, నువ్వే ఇలా ఏడిస్తే మాలాంటివాళ్ళ గతేంటి?" అన్నాడు.

ఇరవై మూడేళ్ళుగా ఆయన దాచుకున్న మాట అది. అనేశాక ఆయన మొహమే చిన్నబోయింది.

"ఆ మాట తప్పన్నయ్యా" అంది ఆమె. "అన్నరోజే తెలుసు తప్పని. నీ చెవి నా చెవి కంటే మంచిదని అందరూ అంటుంటే నాకు కడుపుమంట. అందుకే అన్నాను."

అన్నయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తుడవడానికి అక్కడ చెమటేమీ లేదు. "టీ పెట్టవే" అన్నాడు భార్యతో.

వ్యవహారం అక్కడితో తేలిపోతే బాగానే ఉండేది. పియానో అతను మర్నాడు పొద్దున్నే డైరెక్టరుగారి గదిలో తేలాడు. ఆయన తానా అంటే ఇతను తందానా అనే రకం. పది గంటలకల్లా లెక్కలమ్మకు కబురొచ్చింది.

డైరెక్టరుగారి బల్ల మీద ఆ పేజీ తెరిచి ఉంది. చూపుడువేలు గీతల మీద ఉంది. "ఇక్కడ స్వరాలేవి మేడం?"

"వాయించేవాళ్ళ దగ్గర."

"ఇది హోటల్ కాదు మేడం. మీకు నేను చెప్పాలా? మీ విద్యార్థి ఎవడైనా ఇలా ఖాళీలు వదిలేస్తే మీరు మార్కులేస్తారా?"

"వేసేదాన్ని కాదు. అది నా పొరపాటు."

ఆయనకు ఆ జవాబు రుచించలేదు. కుర్చీలో వెనక్కి వాలి రెండు దారులు చూపించాడు. ఒకటి, మూడు రోజుల్లో ఆ బార్లు నింపాలి. రెండు, కుదరదంటే ఆమె ముప్పై ఏళ్ళప్పటి కృతినే ఆ రోజు వినిపిద్దాం, అందరికీ తెలిసినది, గొడవ ఉండదు.

"పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ అనా?" అంది ఆమె. "దాన్ని వాయించాలంటే నా సంతకం కావాలి. పెట్టను."

అప్పుడు ఆయనకూ కోపం వచ్చింది. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రాయలేక ఖాళీలు వదిలేసి దానికి జాజ్ అని పేరు పెడతారా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. నిన్నటి దాకా అయితే ఆమె కూలిపోయేది. ఇప్పుడు విచిత్రంగా తేలికపడింది. మూడేళ్ళుగా ఎవరికి తెలుస్తుందో అని వణికిన మాట, ఎదుటివాడే బల్ల మీద పెట్టేశాడు. ఇక దాచడానికేముంది?

"నిజమే. రాయలేకే వదిలాను" అంది. "మూడేళ్ళుగా ఒక్క ముక్క రాయలేకపోయాను, మీకెవరికీ తెలియదు. నిన్న ఆ బార్లు విన్నాక ఇప్పుడు రాయగలను. ఇక్కడే కూర్చుని పావుగంటలో నింపగలను. నింపను."

డైరెక్టరుగారు బల్ల మీది పేజీ మూసేశాడు. కార్యక్రమం పత్రికలు అచ్చయిపోయాయి, ఆహ్వానాలు వెళ్ళిపోయాయి, ఆమె పేరు తీసేయడం కుదరదు. "సరే. మా ఉద్యోగులు మాత్రం ఇందులో వాయించరు. పియానో, బాస్ మీరే చూసుకోండి. ఆదివారం నాలుగింటికి రెండు కుర్చీలు ఖాళీగా ఉంటే ఆ నవ్వులపాటు మీదే" అన్నాడు.

బాస్‌కు అన్నయ్యను అడగాల్సిన అవసరమే రాలేదు. సంగతి చెబుతుండగానే ఆయన లోపలికి వెళ్ళి తీగలు బిగించడం మొదలుపెట్టాడు. పియానో దగ్గరే చిక్కొచ్చింది. తెలిసిన ముగ్గురినీ అడిగారు. ఒకరికి ఊళ్ళో ఉండటం కుదరదు, ఇద్దరికి డైరెక్టరుగారితో రేపు అవసరముంది. ఆ సాయంత్రం వదిన ఇంటి ముందుగదిలో వయొలిన్, చెల్లో, క్లారినెట్, బాస్ ఇరుక్కుని కూర్చున్నారు. గోడవారగా పాత పియానో ఖాళీగా ఉంది. అందరూ లెక్కలమ్మ వంక చూశారు.

"నేనా? నేను నలుగురి ముందు వాయించి పాతికేళ్ళయింది" అంది ఆమె.

"నీ ఇష్టం" అన్నాడు అన్నయ్య.

మన ఇళ్ళల్లో నీ ఇష్టం అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో చెప్పనక్కర్లేదు. పలికే తీరును బట్టి అది అనుమతి, అలక, బెదిరింపు. అన్నయ్య పలికిన తీరుకు తిరుగులేదు. ఆమె వెళ్ళి కూర్చుంది.

"మొదటిసారి క్లారినెట్. రెండోసారి ఆ పదకొండూ నీవి" అన్నాడు ఆయన.

రాసిన భాగాలన్నీ బాగానే వాయించింది. తన పదకొండు బార్లు వచ్చేసరికి చేతులు గడ్డకట్టేవి. నాలుగుసార్లు వాయిస్తే నాలుగుసార్లూ అంతే. డైరెక్టరుగారి ముందు పావుగంటలో నింపుతానన్న మనిషి ఇంటికి వెళ్ళి నిజంగానే పావుగంటలో నింపింది, ఒక చిన్న కాగితం మీద, ఎవరికీ చూపించకుండా. మర్నాడు దాన్ని పియానో మీద మిగతా కాగితాల మధ్య దూర్చి వాయించింది. తప్పు లేకుండా వాయించింది.

"పరీక్షకు చీటీ పెట్టుకెళ్ళినట్టుందమ్మడూ" అన్నాడు అన్నయ్య, తీగ సరిచేసుకుంటూ.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అలాగని చీటీ పారేయలేదు. ధైర్యం వేరు, ఆదివారం నాలుగింటికి రెండు వందల మంది ముందు ఖాళీ చేతులతో కూర్చోవడం వేరు. కానీ ఆ రోజు వెళ్ళిపోయే ముందు ఇంకో పని చేసింది. అందరూ టీ తాగుతుండగా అన్నయ్య అట్టఫైలు తెరిచి, పేపర్లు దిద్దే ఎర్ర పెన్సిల్‌తో లోపలివైపు ఏదో దిద్ది మూసేసింది.

ఆదివారం హాలు నిండింది. ప్లాస్టిక్ సంచులు తీసేశారు, రంగు వాసన మాత్రం అలాగే ఉంది. ముందు వరసలో డైరెక్టరుగారు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, పక్కనే ఆ విమర్శకుడు. వదిన చివరి వరసలో, ఎవరు ఎక్కడ తప్పు చదువుతారో చూడటానికి ప్రతి చేత పట్టుకుని ఉంది.

వేదిక మీద అన్నయ్య స్టాండు మీద ఫైలు పెట్టి తెరిచాడు. పసుపెక్కిన పత్రిక ముక్కలో ఒక్క మాట ఎర్రగా కొట్టేసి ఉంది. తెలిసినవాళ్ళు అన్నదాన్ని కొట్టేసి పైన తెలియనివాళ్ళు అని రాసి ఉంది. మా ఇంట్లో నేను తప్ప సంగీతం తెలియనివాళ్ళు లేరు. ఆయన చెల్లెలి వైపు చూడలేదు. చూస్తే వాయించలేడు.

మొదలుపెట్టారు. బాస్ నడక వినపడగానే హాలులో కొందరు నిటారుగా కూర్చున్నారు, ఇది మనం విన్న లెక్కలమ్మేనా అన్నట్టు. మొదటిసారి వచ్చిన పదకొండు బార్లలో క్లారినెట్ ఆయన వీధంతా తిరిగొచ్చాడు. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టి, అందరూ చూసేసరికి ఆపేశారు. తర్వాత రాసిన భాగం. ఆ తర్వాత తనది.

చీటీ ఎదురుగానే ఉంది. తన చేతిరాతే, చక్కగా, తప్పుల్లేకుండా. దాన్ని చూస్తుంటే ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. అందులో మిగతా పదకొండూ పలికేదాకా ఏ స్వరమూ రెండోసారి రాలేదు. పట్టిక గీయకపోయినా చెయ్యి పాత లెక్కే వేసింది. ఈ చీటీ తీసుకెళ్ళి ఇరవై ఏళ్ళ కింది పేజీల్లో కలిపేసినా ఎవరికీ తేడా తెలియదు.

చీటీని బోర్లించింది.

మొదటి బారు పోయింది, చేతులు కదలలేదు. రెండోది పోయింది. బాస్ ఒక్కటే దిమ్, దిమ్ అని నడుస్తోంది. డైరెక్టరుగారు విమర్శకుడి చెవిలో ఏదో అన్నాడు. ఆమెకు భయమేసింది. అప్పుడు పక్క నుంచి, తీగల చప్పుడు కింద, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నయ్య అన్నాడు. "ఊఁ. నీ ఇష్టం."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో కుడిచెయ్యి జారి ఒక మెట్టు మీద పడింది. ఒకే ఒక్క స్వరం. ఇరవై ఏళ్ళ నియమం ప్రకారం దానికిక వంతు అయిపోయింది, మిగతా పదకొండూ పలకాలి. ఆమె మళ్ళీ అదే మెట్టు నొక్కింది. మళ్ళీ అదే. కాస్త ఆగి, అన్నయ్య నడకలో సందు చూసుకుని, మళ్ళీ అదే. నెమ్మదిగా, గట్టిగా, వెనకబడి, ముందుకు తోసుకుని, అదే స్వరం. ఎన్నాళ్ళుగానో వరసలో నిలబడ్డ మనిషి ముందుకొచ్చి బల్ల గుద్ది అడిగినట్టు అడిగింది. ఏడో బారులో దానికి తోడుగా ఇంకో స్వరం వచ్చింది. పదో బారుకు రెండు చేతులూ దిగాయి. క్లారినెట్ ఆయన తన వంతు కాకపోయినా ఓహో అన్నాడు, పైకే అన్నాడు.

అయిపోయాక కొందరు లేచి నిలబడ్డారు, కొందరు లేచి వెళ్ళిపోయారు. రెండు రకాలవాళ్ళూ చప్పుడు చేశారు. "ఆయన బూటు ఆడింది, నేను చూశాను" అంది వదిన, డైరెక్టరుగారి గురించి. విమర్శకుడు ఏం రాశాడో లెక్కలమ్మ చదవలేదు. అప్పటికే ఆమె బల్ల మీద ఇంకో కృతి మొదలైంది, ముగ్గురికి, అందులోనూ బాస్ ఉంది.

పది రోజుల తర్వాత డైరెక్టరుగారు మళ్ళీ పిలిచాడు. ఈసారి కుర్చీ చూపించాడు, కాఫీ తెప్పించాడు. కృతి గురించి నాలుగు చోట్ల నుంచి అడుగుతున్నారట, విద్యాలయం తరఫున అచ్చు వేయిద్దామట.

"ఒక్క చిన్న పని మేడం. రెండోసారి మీరు వాయించింది చాలా బాగుంది, కాదనను. రికార్డింగు ఉంది. విని ఆ పదకొండు బార్లూ రాసిచ్చేస్తే నిండుగా ఉంటుంది."

"కలం ఇవ్వండి" అంది ఆమె.

ఆయన సంతోషంగా ఇచ్చాడు. ఆమె ప్రతి తెరిచి ఆ చోటు తీసింది. తన పెన్సిల్ గీతలు అక్కడ అలాగే ఉన్నాయి, చెరపడానికి వీలుగా, లేతగా. వాటి మీద సిరాతో దిద్దడం మొదలుపెట్టింది. బారుకు నాలుగు, పదకొండు బార్లకు నలభై నాలుగు, తొందరపడకుండా, ఒక్కొక్కటే. కింద సంతకం పెట్టి ఆయన వైపు తిప్పింది.

"మళ్ళీ ఈ గీతలేనా!" అన్నాడు ఆయన. "రేపు ఎవరో తెలియనివాళ్ళు ఇది ముందు పెట్టుకుంటే ఏం వాయిస్తారు మేడం?"

లెక్కలమ్మ కలం మూతపెట్టి ఆయన చేతికిచ్చింది.

"వాళ్ళ ఇష్టం" అంది.